నీలం ట్రే

జూన్ వానలు పట్టుకున్నాయంటే రెండో అంతస్తులోని కార్డుల గదిలో పని రెట్టింపవుతుంది. చెమ్మకి కార్డులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. బలంగా లాగితే చిరుగుతాయి, మెల్లగా లాగుతూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. అందుకని తోకురా సెత్సు జుట్టు ఆరబెట్టుకునే మిషను ఇంటినుంచి తెచ్చి, పోస్టు సంచి మూతి విప్పి లోపలికి వేడిగాలి కొడుతోంది.

"నానబెట్టి మరీ పంపించారు. కాస్త ఉప్పు జల్లి జాడీలో పెట్టేస్తే ఊరగాయ అయిపోను" అంది.

ఎదురుగా చిసాతో అనే ఆమె కూర్చుంది. ఆ మాటకి నవ్వి, వేలికి రబ్బరు తొడుగు వేసుకుంది. ఆ కంపెనీలో ఉరబే అనే ఇంటిపేరున్న వాళ్ళు ఇద్దరుండడంతో అందరూ ఆమెను పేరు పెట్టే పిలుస్తారు. నలభై ఒకటో ఏడు. కార్డుల లెక్క తేల్చి పట్టిక రాయడం ఆమె పని. పట్టిక కింద సంతకానికి బదులు వేసే ఆమె పేరు ఎర్రముద్ర పడిందంటే ఇక ఆ అంకెల గురించి పై అంతస్తుల్లో ఎవరూ మారు మాట్లాడరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పైకి చెప్పదు గానీ లోపల బోలెడంత గర్వం.

కోబేలో ఉన్న వాళ్ళ తోమోయె కంపెనీ వీడియో ఆట యంత్రాలు చేస్తుంది. అమ్మిన ప్రతి ఆట పెట్టెలోనూ ఒక కార్డు ఉంటుంది. స్టాంపు ఖర్చు కంపెనీదే. కార్డుకి ముందువైపు పేరు, ఊరు, వయసు, ఫోను నంబరు. వెనకవైపు ఐదు గీతలు, వాటి పైన 'మీ మాట' అని. రెండేళ్ళ కిందట చేత్తో ఊపి ఆడే తెల్లకర్ర యంత్రం వచ్చింది మొదలు తాతలూ బామ్మలూ కూడా కొనడం మొదలుపెట్టారు. రోజుకి ఆరేడు వందల కార్డులు. అన్నీ చదవాలంటే ఇద్దరు ఆడవాళ్ళు ఏ మూలకి? అందుకే గదిలో ఒక పద్ధతి ఉంది. ముందు వయసు చూడాలి. అరవై దాటని వాళ్ళదైతే వెనక్కి తిప్పి చదవాలి, విషయం ఉంటే ఎర్ర ట్రేలో వేయాలి. ఎర్ర ట్రే ఐదో అంతస్తుకి, ఆటలు తయారుచేసే వాళ్ళ దగ్గరికి వెళుతుంది. అరవై దాటిందా, తిప్పనక్కర్లేదు, నీలం ట్రే. నీలం ట్రేలో పడ్డ కార్డు ఏ ఆటదైనా సరే, సులువుగా ఆడుకునే వాళ్ళ లెక్కలో చేరి అట్టపెట్టెలోకి పోతుంది.

"వచ్చే నెల పద్నాలుగుకి నాకూ అరవై దాటతాయి. అప్పుడు నన్ను కూడా తిప్పి చూడకుండా నీలం ట్రేలో పడేస్తావేమిటే?" అంది తోకురా.

"మీరు ట్రేలో పట్టరు లెండి."

"ఆహా, నోరు చూడు. నిన్నగాక మొన్న వచ్చినప్పుడు పిల్లిలా ఉండేదానివి."

ఆ మాట నోట్లో ఉండగానే తలుపు తోసుకుని కాజితాని వచ్చాడు. ఐదో అంతస్తు మనిషి. 'శిఖరం' అనే కొండలెక్కే ఆటను పుట్టించి, పెంచి, ఇరవై ఏళ్ళుగా దాన్నే కొత్తకొత్తగా చేస్తున్నవాడు. మామూలుగా ఆయన మనిషి కన్నా ముందు గొంతు వస్తుంది. ఆ మంగళవారం మాత్రం చప్పుడు లేకుండా వచ్చి, చేతిలో కాగితం చిసాతో ముందు పెట్టాడు. ఆమె పోయిన వారం రాసిన పట్టిక. శిఖరంలో గడ్డు దారి కోరేవారు నూటికి ముగ్గురు.

"చిసాతో గారూ, ఈ మూడు మీరు రాసిందేనా?"

"నేను రాసిందేనండి. మొత్తం రెండువేల నూరు కార్డులు. వాటిలో అరవై మూడు."

"లెక్క తప్పే వీలుందా?"

"రెండుసార్లు లెక్కపెట్టాకే ముద్ర వేశానండి."

కాజితాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. శిఖరంలో రెండు దారులుంటాయి. సులువు దారిలో తెల్లకర్ర ఊపుకుంటూ పోవచ్చు. గడ్డు దారిలో కర్ర పనికిరాదు. నాలుగు బటన్లు, రెండు చేతులకి రెండు, రెండు కాళ్ళకి రెండు. ఒక్క వేలు తప్పితే కొండ కిందికి వచ్చి మళ్ళీ మొదటినుంచి ఎక్కాలి. నూటికి పదిమంది కూడా అడగని దారి కొత్త శిఖరంలో ఎందుకని అమ్మకాల విభాగం వాళ్ళు పట్టుబట్టారు. శుక్రవారం రెండు గంటలకి సమావేశం. గడ్డు దారి పోతే దాన్ని కట్టే పదకొండుమందినీ ఇంకో ఆటకి పంపేస్తారు.

"ఎక్కడికి పంపుతారో తెలుసా? పొట్ట తగ్గించే ఆటకి," అన్నాడు కాజితాని. "నా దగ్గర పద్దెనిమిదేళ్ళు రాళ్ళూ పగుళ్ళూ గీసిన మనిషి, రేపటినుంచి పొట్టలు గీస్తాడు."

ఎవరికీ నవ్వు రాలేదు.

"పంతం పట్టి ఆడేవాళ్ళని ఈ కంపెనీ వదిలేసిందండీ. కర్ర ఊపేవాళ్ళు చాలు వీళ్ళకి. మన ఆట కోసం ఇన్నేళ్ళు వేళ్ళు కాయలు కాయించుకున్నవాళ్ళు ఏమైపోయినా ఫరవాలేదు. ఆ వెధవలు కూడా కార్డు ముక్క రాసి చావరు. ఇంటర్నెట్లో కూర్చుని మనల్ని బండబూతులు తిడతారు. ఆ తిట్లకి మీ పట్టికలో గడి లేదుగా?"

"లేదండి."

"అదీ సంగతి." లేచి, నడుం వంచి దండం పెట్టి, వచ్చినంత మెల్లగానే వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చిసాతోకి. తన అంకె నిజమైన అంకె. దానికి ఆమె చేసేదేమీ లేదు. అయినా పదకొండుమంది మెడమీద తన ఎర్రముద్ర పడినట్టుంది. ఆ రోజంతా తోకురా వేసిన జోకులేవీ ఆమెకు ఎక్కలేదు.

బుధవారం పొద్దున వాన ఇంకా పెరిగింది. లెక్క అయిపోయి ఇంకా అట్టపెట్టెలోకి వెళ్ళని నీలం ట్రే కార్డుల్లో రెండు మొండిగా అతుక్కుని ఉన్నాయి. చిసాతో వాటిని మిషను ముందు పట్టుకుని, గోటితో మూల లేపి, ఉల్లిపొర తీసినట్టు తీసింది. ఒకదాని సిరా రెండోదానికి దిగింది. పేరూ ఊరూ చెడిపోయాయేమోనని ముందువైపు చూసింది. బాగానే ఉన్నాయి. నిషిగాకి కియో, డెబ్బైనాలుగేళ్ళు, సకాయిమినతో. పడమటి తీరాన చేపల ఊరు. వెనక్కి తిప్పింది, సిరా ఎంతవరకు పాకిందో చూద్దామని. తిప్పాక కళ్ళు ఊరుకోవు కదా, చదివింది.

"గడ్డు దారి మార్చి రెండున మొదలుపెట్టి మే పదకొండున పైకి చేరాను. పీతల పని మానేశాక ఇంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. సులువు దారి పెట్టినందుకు కోపం లేదు, చేతులు వణికేవాళ్ళకి అది ఉండాలి. గడ్డు దారి మాత్రం తీయకండి. తీసేస్తారని మా మనవరాలు ఎక్కడో చదివిందట. తీస్తే మిమ్మల్ని క్షమించను." ఐదు గీతలూ చాలక మిగతా అక్షరాలు అంచుల వెంట తిరిగి స్టాంపు చోటు వరకు వెళ్ళాయి.

చిసాతో ఆ కార్డుని బల్ల మీద పెట్టి, దానికి అతుక్కున్న రెండోదాన్ని తిప్పింది. ఊరు ఒకాయామా, అరవైఎనిమిదేళ్ళు, రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. "గడ్డు దారి రెండో కొండ మీద గాలి ఎటునుంచి వస్తుందో తెలియడానికి జెండా పెట్టారు. అది తీసేయండి. ముందే చెప్పేస్తే ఇంక నేనెందుకు?"

మూడోది ట్రేలోంచి తనే తీసింది. "ఆట మా ఆయన కొన్నాడు. ఆయన సులువు దారిలో ఉన్నాడు, నేను గడ్డు దారిలో ఉన్నాను. నెల రోజులుగా ఇంట్లో మాటలు లేవు."

"తోకురా గారూ," అని పిలిచింది చిసాతో. గొంతు ఎలా వచ్చిందో ఏమో, ఆవిడ మిషను ఆపేసింది. "వీటిని మనం సులువు దారి కింద లెక్క వేశాం."

తోకురా మూడు కార్డులూ చదివింది. మూడోది రెండుసార్లు చదివి పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "ఇలాంటివి ఇంకెన్నున్నాయి?"

"తెలీదు. తిప్పలేదుగా."

"ఎందుకు తిప్పలేదూ అంటే తిప్పొద్దన్నారు కాబట్టి. ఎవడో పెట్టిన పద్ధతే కదా ఇది. ఎవడు పెట్టాడసలు?" అంటూ తోకురా బీరువా పైనుంచి గది నియమాల ఫైలు దించి, దుమ్ము ఊది, వేలు తడి చేసుకుంటూ తిప్పింది. రెండేళ్ళ కిందటి అక్టోబరు దగ్గర ఆమె వేలు ఆగింది. చదవకుండా ఫైలుని చిసాతో వైపు తిప్పింది.

"అరవై దాటినవారి కార్డులు ఐదో అంతస్తుకి పంపవద్దు. వారి అభిప్రాయాలు మా పనికి ఉపయోగపడవు. సులువు దారి కింద లెక్కించగలరు." కింద గుండ్రంగా ఎర్రముద్ర. కాజితాని.

"ఓరి నాయనో," అంది తోకురా. "తన నెత్తిన తనే రాయి వేసుకున్నాడు. పైగా నిన్న వచ్చి మన ముందు ఏడుపు మొహం పెట్టాడు!"

చిసాతోకి కాజితాని మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టాకే ముద్ర వేశాను అని ఎంత ధీమాగా అంది నిన్న! లెక్కపెట్టింది కార్డుల్ని. నీలం ట్రేలో ఒక్కదాన్నీ చదవలేదు. ఆమె ముఖం వేడెక్కింది. లేచి గోడవారగా పేర్చి ఉన్న అట్టపెట్టెల దగ్గరికి వెళ్ళి, మార్చి అని రాసి ఉన్నదాన్ని కిందికి దించింది.

ఆ మధ్యాహ్నం నుంచి ఆరింటి దాకా, మళ్ళీ గురువారం పొద్దున ఏడింటి నుంచి ఇద్దరూ అదే పని. కొత్తగా వచ్చిన సంచులు తలుపు దగ్గర అలాగే పడి ఉన్నాయి. తోకురా కార్డు తిప్పి, చదివి, 'గడ్డు' అనో 'సులువు' అనో పైకి అంటుంది. చిసాతో పాత క్యాలెండరు వెనక ఒక్కో గీత గీస్తుంది. లెక్క కోసం వాళ్ళు రాసే అక్షరానికి సరిగ్గా ఐదు గీతలు, అందుకే ఐదు కార్డులకి ఒక అక్షరం పూర్తవుతుంది. అక్షరం పూర్తయితే పక్కన మరోటి. తోకురా కొన్నిటిని ఊరికే 'గడ్డు' అని వదిలిపెట్టలేకపోయింది. "ఇదిగో ఇతను చూడు, ఒక చెయ్యి పడిపోయిందట, పక్షవాతం. నాలుగు బటన్లూ ఒక్క చేత్తో నొక్కుతున్నాడట. గడ్డు, గడ్డున్నర!"

"గీత ఒక్కటే గీస్తానండి."

"గియ్యమ్మా గియ్యి. నీకు మనసు లేదు."

పదకొండింటికి తేలింది. శిఖరం ఆటకి అరవై దాటినవాళ్ళు పంపినవి ఆరువందల నలభై. అందులో గడ్డు దారి కోరినవాళ్ళు రెండువందల ముప్పై. చిసాతో నమ్మలేదు. ఇద్దరూ చోట్లు మార్చుకుని మళ్ళీ లెక్కపెట్టారు. ఈసారి రెండువందల ముప్పైఒకటి. మొదటిసారి ఒకటి తోకురా వేలి రబ్బరుకి అంటుకుని పోయింది. మూడోసారి కూడా ముప్పైఒకటే. పాత అరవైమూడు కలిపితే రెండువందల తొంభైనాలుగు. నూటికి పద్నాలుగు.

పద్నాలుగు అంకె రాసి చిసాతో పెన్ను కింద పెట్టింది. పది దాటితే గడ్డు దారి బతుకుతుంది. అయితే ఆ పద్నాలుగు ఇంకా క్యాలెండరు వెనకే ఉంది. ముద్ర పడ్డ పట్టికలోకి ఎక్కాలంటే తప్పు అంకె మీద రెండు గీతలు గీసి, పక్కన కొత్త అంకె రాసి, మొదట ముద్ర వేసిన వాళ్ళంతా ఆ గీతల మీద మళ్ళీ ముద్ర వేయాలి. నేను తప్పు చేశాను అని ప్రతివాళ్ళూ ఎర్రటి సిరాతో ఒప్పుకోవాలన్నమాట. చిసాతో ముద్ర సరే. ఆ పైన ఉన్నది సెక్షన్ హెడ్ మునకతది.

మునకత చెడ్డవాడు కాదు, భయస్తుడు. చిసాతో చెప్పిందంతా విని, విసనకర్ర ముడిచి, బార్లీ టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"బాగా కష్టపడ్డారు. చాలా బాగా కష్టపడ్డారు," అన్నాడు. ఆయన రెండుసార్లు మెచ్చుకుంటే కాదన్నట్టే. "కానీ చిసాతో గారూ, పట్టిక పైకి వెళ్ళిపోయిందండీ. రేపే సమావేశం. ఇప్పుడు అంకె మారిస్తే, ఇన్నాళ్ళూ మీ గది రాసిన అంకెలన్నీ ఏమిటి అని అడుగుతారు. ఏం చెప్పను?"

"తప్పు నాదని చెప్పండి."

"మీదెలా అవుతుంది? నియమం ప్రకారం చేశారు."

"నియమం ప్రకారమే చేశానండి. అయినా అంకె అబద్ధం. నా ముద్ర దాని కింద ఉంది, నాకు సిగ్గుగా ఉంది."

అంత సూటిగా మాట్లాడతానని ఆమే అనుకోలేదు. మునకత విసనకర్ర మళ్ళీ విప్పాడు, మళ్ళీ ముడిచాడు. చివరికి ఒక దారి కనిపెట్టాడు. "అయితే నియమం పెట్టిన మనిషి ముద్ర ముందు పడనివ్వండి. కాజితాని గారు పట్టిక మీద ముద్ర వేస్తే, ఆ కిందే నేను వేస్తాను. మాట."

ఆయన వేయడని మునకత నమ్మకం. కాజితాని తప్పు ఒప్పుకోవడం ఆ కంపెనీలో ఎవరూ చూడలేదు.

మూడింటికి చిసాతో కార్డుల పెట్టె చంకన పెట్టుకుని, నియమాల ఫైలూ, అంకె దిద్దిన పట్టికా చేత్తో పట్టుకుని ఐదో అంతస్తుకి ఎక్కింది. ఆమె ఎప్పుడూ ఆ అంతస్తు గుమ్మం దాటలేదు. ఎర్ర ట్రే గుమ్మం బయట బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడమే. లోపల పదకొండుమందీ తలలు వంచుకుని కూర్చున్నారు. ఎవరి బల్ల మీదా పని జరుగుతున్నట్టు లేదు.

"పద్నాలుగు," అంది కాజితానితో, ముందుమాట లేకుండా.

"ఏం పద్నాలుగు?"

చెప్పింది. ఆయన ముఖంలో వెలుగు రావడం, ఆ కార్డులు ఎవరివో వినగానే అది ఆరిపోవడం రెండూ చూసింది.

"ముసలివాళ్ళా? వాళ్ళు గడ్డు దారి ఎక్కడమేమిటండీ. మనవళ్ళు ఆడి ఉంటారు, కార్డు మీద వీళ్ళ పేరు రాసి ఉంటారు. ఇది పట్టుకెళితే రేపు నా మొహం మీదే నవ్వుతారు."

"చదివితే తెలుస్తుందండి."

"ఇన్నాళ్ళూ నాకెందుకు పంపలేదు మరి?"

చిసాతో ఫైలు విప్పి ఆయన ముందు పెట్టింది. కాజితాని తన ముద్రని చూశాడు, పైన ఉన్న మూడు వాక్యాలు చదివాడు, మళ్ళీ ముద్రని చూశాడు. పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గడం ఆపుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఫోను నంబరుందా?" అన్నాడు చివరికి. "ఏదో ఒకటి ఇవ్వండి. అడిగి తేల్చేద్దాం."

చిసాతో పైనున్న కార్డు ఇచ్చింది. ఆయన నంబరు నొక్కి, అందరికీ వినబడే మీట వేశాడు. నాలుగు సార్లు మోగాక ఆడమనిషి గొంతు, సన్నగా, పదునుగా.

"ఎవరూ?"

"నిషిగాకి కియో గారాండీ? కోబేనుంచి తోమోయె కంపెనీ వాళ్ళం. నా పేరు కాజితాని. శిఖరం ఆట చేసింది నేనేనండి."

"అలాగా. పోయిన వారం మా పక్కింటావిడకి నీలాంటివాడే ఫోను చేశాడు. 'నేనే మామ్మా, నీ మనవణ్ణి, కారు గుద్దేశాను, డబ్బు పంపించు' అని ఒకటే ఏడుపు. ఆ పిచ్చిది పంపింది. నేను పంపను. పెట్టెయ్."

"అయ్యో, డబ్బు కాదండీ, నేను నిజంగా..."

"మొదట్లో అందరూ డబ్బు కాదనే అంటారు. పోలీసు చౌకీ మా వీధి చివరే ఉంది, తెలుసా?"

పదకొండుమందిలో ఇద్దరు మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. కాజితాని నుదురు తుడుచుకున్నాడు. "నన్నేం చేయమంటారు చెప్పండి. ఏదైనా అడగండి."

"అడుగుతాను. గడ్డు దారి. నాలుగో కొండ, మంచుపెళ్ళ విరిగే చోటు. ఆట చేసినవాడివి కదా, అక్కడ ముందు ఏ కాలు వేయాలి?"

కాజితాని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. "కుడికాలండి. కుడికాలు వేసి, ఎడంచేత్తో పైనున్న పగులు పట్టుకుని..."

"దొరికావురా దొంగా! ఎడంకాలు."

"కాదండీ. ఎడంకాలు వేస్తే పెళ్ళ విరిగిపోతుంది. ఆ పెళ్ళ పెట్టింది నేను."

"విరుగుతుంది, కాదన్నానా? విరిగిన పెళ్ళ జారుతూ జారుతూ కింద రాయికి తగిలి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో దాని మీదే కుడికాలు మోపి లేస్తే, రెండు పగుళ్ళు దాటి పైకి వెళతావు. పదిహేడు రోజులు పడి పడి కనిపెట్టాను. చేసినవాడికి ఇది తెలీదూ?"

కాజితాని చెయ్యి చాపాడు. ఎవరో ఆయన చేతిలో బటన్ల పెట్టె పెట్టారు. ఎవరో తెర వెలిగించి నాలుగో కొండ తెచ్చారు. ఎడంకాలు. పెళ్ళ విరిగింది, మనిషి పడ్డాడు. మళ్ళీ. మళ్ళీ పడ్డాడు.

"ఏమిటా చప్పుడు? ఆడుతున్నావా?" అంది ఫోనులో గొంతు. "పడ్డావు కదూ? తొందరపడుతున్నావు. అది ఆగేదాకా ఆగాలి. కొండ నీ కోసం ఎక్కడికీ పోదులే."

ఆరోసారి ఆగాడు. పెళ్ళ రాయికి తగిలింది, ఆగింది, ఆయన బొటనవేలు కదిలింది. తెర మీద చిన్న మనిషి గాల్లోకి లేచి రెండు పగుళ్ళు దాటి మూడోదాన్ని పట్టుకుని వేలాడాడు. పదకొండుమందీ ఒక్కసారిగా కేకలు వేశారు. చిసాతో కూడా అరిచింది, అరిచి చేత్తో నోరు మూసుకుంది.

కాజితాని లేచి నిలబడ్డాడు. ఫోనుకి ఎదురుగా నడుం వంచి దండం పెట్టాడు, ఆవిడ చూస్తున్నట్టే.

"నాకు తెలీదండీ. నిజంగా తెలీదు."

"సరేలే. అయితే చేసినవాడివే అయ్యుంటావు," అంది కియో. "దొంగయితే తనకి తెలుసని బుకాయించేవాడు."

"మీకు ఇంట్లో పిల్లలెవరైనా నేర్పారాండీ?"

"నాకా? మా మనవరాలికి నేనే నేర్పుతున్నాను. దానికి ఓపిక లేదు. ఇంతకీ ఫోను ఎందుకు చేశావు?"

"మీ కార్డు చూశానండి, ఇవాళే. అందుకని."

"ఇవాళా? నేను మే నెలలో వేశాను బాబూ. మీ కంపెనీలో కార్డులు ఎవరూ చదవరా?"

కాజితాని బల్ల మీద తెరిచి ఉన్న ఫైలు వైపు చూశాడు. "తప్పు నాదండి," అన్నాడు. అలా ఆ అంతస్తులో ఆ మాట ఆయన నోట మొదటిసారి వినబడింది.

ఫోను పెట్టి ఫైలుని దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత చిసాతోతో, మిగతా వాళ్ళు వింటున్నా పట్టించుకోకుండా అన్నాడు. "పంతగాళ్ళని కంపెనీ గాలికొదిలేసిందని నేను గొంతు చించుకుంటున్నాను. వదిలేసింది నేను. ఆ కర్ర యంత్రం ప్రకటనలో బామ్మల్ని చూసి ఒళ్ళు మండి రాశానది. నిమిషం పట్టి ఉండదు."

"నేనూ చదవకుండా ముద్ర వేశానండి," అంది చిసాతో.

ఆయన సొరుగులోంచి తన ముద్ర తీసి, సిరా అద్ది, నోటితో ఆవిరి ఊదాడు. రెండేళ్ళ కిందటి కాగితం మీద తన మూడు వాక్యాలకీ జంటగీతలు గీసి, వాటి మీద నిబ్బరంగా గుద్దాడు. తర్వాత పట్టిక మీద. చిసాతో తనదీ వేసింది. కిందికి దిగి మునకత ముందు పెట్టేసరికి ఆయన ముద్రల్ని వేలితో తాకి చూశాడు. ఇంకా తడిగా ఉన్నాయి. "వేశాడే!" అన్నాడు. మాట ఇచ్చిన పాపానికి తనూ వేశాడు. అది కాస్త ఒంకరగా పడింది.

శుక్రవారం రెండయింది, రెండున్నరయింది. కార్డుల గదిలో మూడు రోజుల సంచులు పేరుకుపోయి ఉన్నాయి. చిసాతో ఒక కట్ట తీసి లెక్కపెట్టింది, అంకె మరిచిపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మకాల వాళ్ళు పద్నాలుగుని ఒప్పుకోకపోవచ్చు. ముసలివాళ్ళని వదిలేసి లెక్కవేయండి అనొచ్చు. అప్పుడేమవుతుంది? మూడుంపావుకి తోకురా మిషను ఆపి, "ఆ కట్ట నాకివ్వు. నాలుగుసార్లు లెక్కపెట్టావు, నాకు వినడానికే అలుపొస్తోంది" అంది.

మూడున్నర దాటాక గొంతు వినబడింది. మెట్ల మీదినుంచే. ఆ గొంతు విని చిసాతో కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. అంత పెద్దగా అరుచుకుంటూ వస్తున్నాడంటే మంచి వార్తే.

"ఉంచారు!" అన్నాడు కాజితాని గుమ్మంలో. "గడ్డు దారి ఉంచారు. మావాళ్ళు పదకొండుమందీ ఎక్కడివాళ్ళక్కడే. చిసాతో గారూ, మీ అంకె చూసి అమ్మకాల పెద్దాయన ఏమన్నాడో తెలుసా? అరవై దాటినవాళ్ళు ఇంతమంది కోరుతుంటే మాకు ముందే ఎందుకు చెప్పలేదని నన్నే తిట్టాడు! పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారట. 'అరవై దాటినవారి కోసం ప్రత్యేకంగా: గడ్డు దారి.'"

క్షణం పాటు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తోకురా ముందు తేరుకుంది. "పోనీ సులువు దారి మీద 'కుర్రవాళ్ళ కోసం' అని వేయించండి. వాళ్ళూ బతకాలి కదా పాపం."

చిసాతోకి నవ్వు పొంగుకొచ్చింది. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. రుమాలు కనబడక రబ్బరు తొడుగున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఇంకో సంగతి," అన్నాడు కాజితాని గొంతు తగ్గించి. చిన్నపిల్లాడిలా తలుపు గొళ్ళెం తిప్పుతున్నాడు. "ఆ పెట్టెల్లో నన్ను తిట్టినవి కూడా ఉన్నాయా?"

"ఉన్నాయండి. లెక్కపెట్టలేదు గానీ నలభైకి తక్కువ ఉండవు."

"నలభయ్యా!" ఆయన ముఖం విప్పారింది. "ఇవ్వండి, ఇవ్వండి."

ఐదున్నరకి చిసాతో ఇంటికి బయల్దేరింది. కింద గుమ్మం పక్కన గొడుగులు పెట్టే చోట బెంచీ మీద కాజితాని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కార్డులు. పనులు ముగించుకుని వెళ్ళేవాళ్ళు ఆయన కాళ్ళు దాటుకుంటూ గొడుగులు తీసుకుంటున్నారు. ఆయనకి ఎవరూ కనబడడం లేదు. పైకి కూడా వెళ్ళకుండా ఇక్కడే కూర్చుని చదువుకుంటున్నట్టున్నాడు. చిసాతో గొడుగు కోసం వంగేసరికి మాత్రం తలెత్తాడు.

"ఇది వినండి, ఇది వినండి. 'చివరి కొండ మరీ తేలిగ్గా ఉంది. పదహారు రోజుల్లో అయిపోయింది. చేసినవాడికి వయసు మీదపడిందా?' అట. తొయోఒకాలో ఉంటాడట. ఎనభైఒక్క ఏళ్ళు!"

"ఏం జవాబిస్తారండీ మరి?"

"జవాబేమిటి?" అన్నాడు కాజితాని. అప్పటికే లేచి నిలబడ్డాడు. గొడుగులు తీసుకుంటున్న వాళ్ళలో తనవాళ్ళు ముగ్గురు కనబడితే, వాళ్ళ భుజాలు పట్టుకుని మెట్ల వైపు తిప్పాడు. "పదండర్రా, గొడుగులు లోపల పెట్టండి. చివరి కొండ మళ్ళీ కట్టాలి."